బావకు పెట్టిన బాలింత పత్తెం

మా అక్క అత్తగారి ఊళ్ళో కడుపు కోసిన మనిషి మగవాడైనా బాలింతే. ఎగతాళికి చెప్పటం లేదు. గోదావరికి ఇవతల, బూర్గంపాడు వైపు అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో అది చట్టం. కోసింది బిడ్డను తీయటానికా, పేగు తీయటానికా అని ఆ చట్టం అడగదు. కోత పడితే ఒళ్ళు పచ్చి. పచ్చి ఒంటికి గాలి సోకకూడదు, నీళ్ళు ఎక్కువ పోకూడదు, పప్పు తగిలితే చీము. చెవుల్లో దూది, మంచం కింద కుంపటి, కుంపటిలో వెల్లుల్లి పొట్టూ వామూ. పొట్ట జారకుండా పాత చీరతో బిగించి కట్టు. ఇరవై ఒక్క రోజు మంచం దిగకూడదు.

ఎనభైల నడిమి కాలంలో మా బావను ఈ చట్టం కింద పడుకోబెట్టారు.

బావ మిర్చి రైతు. మాట పదును, మనసులో ఏదీ దాచుకోడు. ఏడాది పాటు దొడ్డికి పోతే నెత్తురు పడుతుంటే మొలలన్నారు. మొలలకు చెట్ల మందు మింగించారు. మనిషి సగమయ్యాక నేను పట్టుబట్టి హైదరాబాదులో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. క్యాన్సరు. పేగు చివరి భాగం తీసేసి, కింది దారి కుట్టేసి, మిగిలిన పేగును బొడ్డుకు ఎడమ పక్కన బయటికి తెచ్చి కుట్టారు. ఇక జన్మంతా మలం ఆ రంధ్రంలోంచి పొట్టకు కట్టుకున్న సంచిలోకే.

తెలివి వచ్చిన రెండో రోజు బావ నన్ను దగ్గరికి పిలిచాడు.

"బామ్మర్దీ, ఎనక దర్వాజ మూసి పక్కకు కిటికి పెట్టిండ్రు. ఇల్లు మంచిగనే ఉన్నదా, చూసి చెప్పు."

నేను చూడలేదు. వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. మనిషి ఒంట్లో మైల అనేది లేదు, మైల మన బుర్రలో ఉంది అని ఖమ్మంలో హేతువాద సభల వేదికలెక్కి గొంతు చించుకునేవాణ్ణి. వరండా చివర కిటికీ ఊచలు పట్టుకుని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాను. లోపల అక్షరం ముక్క రాని మా అక్క ఆ ఎర్రటి పేగు మొన చుట్టూ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, సంచికి సరిగ్గా దాని కొలతకే రంధ్రం కత్తిరించటం నేర్చుకుంటోంది.

నేర్పింది అక్కడి నర్సమ్మ. నడివయసు మనిషి, మాటల్లో మెత్తదనం ఉండేది కాదు.

"దిండు పొట్టకు అదుముకో. గట్టిగ ఊపిరి తీస్కో. ఇప్పుడు దగ్గు."

"నీదేం పోయింది సిస్టరమ్మా. నీ పొట్ట కుట్టలే గద," అన్నాడు బావ.

"కుట్టినోళ్ళను రోజూ చూస్త. నొప్పని దగ్గనోళ్ళకు ఊపిరితిత్తుల్ల నెమ్ము చేరుతది. వాళ్ళను మల్ల చూడ. దగ్గు."

బావ దగ్గాడు. తిట్టుకుంటూ లేచాడు, తిట్టుకుంటూ నడిచాడు. రెండు వారాలకు కుట్లు విప్పి ఇంటికి పొమ్మన్నారు.

బయలుదేరే రోజు అక్క బావకు చొక్కా తొడుగుతుంటే నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది, చదువుకున్నవాణ్ణి కాబట్టి. నేను నోటుబుక్కు తీశాను. నీళ్ళు బాగా తాగించాలి. పప్పు, గుడ్డు, మెత్తటి అన్నం పెట్టాలి. రోజూ నడిపించాలి, దగ్గించాలి. పేగు మొన మీద బిగుతుగా ఏదీ కట్టొద్దు. అది నల్లబడినా, రోజంతా ఏమీ రాకుండా కడుపు ఉబ్బినా తీసుకురావాలి. కింది గాయం మానేదాకా మెత్త మీదే కూర్చోబెట్టాలి. అన్నీ రాసుకున్నాను. చివర ఆమె నా నోటుబుక్కు మీద వేలు పెట్టి చెప్పింది.

"ఇది గూడ రాయి. కాలు వాసినా, పిక్క నొస్తుందన్నా చెయ్యి పెట్టొద్దు. నూనె పెట్టి రుద్దొద్దు. లోపట నెత్తురు గడ్డ కడ్తది. రుద్దితె ఊడి పైకి పోతది, మనిషి అక్కడికక్కడే పోతడు. జల్దీ దవాఖానకు తేవాలె."

రాసుకున్నాను. నా చేతిరాతతో ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

వాళ్ళను మంగళవారం ఊళ్ళో దింపి, బడిలో పాఠాలు చెప్పాలని నేను ఖమ్మం వచ్చేశాను. మళ్ళీ ఆదివారం పొద్దున తల్లాడ మీదుగా బస్సులు మారి వెళ్ళేసరికి గుమ్మంలో అక్క అత్తగారు కూర్చుని ఉంది. మా వరసలో నాకూ అత్తమ్మే.

"అల్లుడా, చెప్పులిడిసి కాళ్ళు కడుక్కో. పచ్చి ఒళ్ళున్న ఇల్లు."

తలుపు తోస్తే పొగ మొహాన కొట్టింది. కిటికీకి గోనెపట్టా. చెవుల్లో దూది, తలకు తువ్వాలు, ఎర్రబడ్డ కళ్ళు, పగిలిన పెదవులు. ఆ పొగకు దగ్గు వస్తుంటే దగ్గకుండా బావ పళ్ళు బిగించుకుని ఉన్నాడు.

"బామ్మర్దీ, మగపిలగాడు పుట్టిండు. తొట్టెల తెచ్చినవా?"

"నీళ్ళు తాగినవా బావా?"

"పొద్దున ఒక గుటక ఇచ్చింది. మా అమ్మ నీళ్ళకు రేషన్ దుకాణం పెట్టింది."

దుప్పటి తీసి చూశాను. ఈసారి వరండా లేదు, పారిపోవటానికి. సంచి మీద నుంచే చీర బిగించి కట్టారు. సంచి నలిగి, మలం పక్కలకు కారి, పొట్ట మీద చర్మం ఉడికినట్టు ఊడివచ్చింది. అక్క మూలన నిలబడి నా వైపు చూడకుండా అంది, "నేను చెప్పిన తమ్మీ. ఇనలే."

కుంపటిని కాలితో తన్ని వాకిట్లో పడేశాను. గోనెపట్టా పీకేశాను. ఆ చప్పుడుకు ఊరు వాకిట్లో చేరింది. పక్కింటివాళ్ళు, మిరప కోతకు అడవి పల్లెల నుంచి వచ్చిన కూలీలు, ఎవరెవరో. జనం కనిపిస్తే నాకు గొంతు పెరుగుతుంది. అది వృత్తి రోగం.

"మగాడు ఎన్నడన్నా నీళ్ళాడిండా? పేగు కోస్తె బాలింత పత్తెమేంది? గాయం మానాలంటె తిండి గావాలె, నీళ్ళు గావాలె. మీరు చేసేది వైద్యం గాదు, హత్య!"

అత్తమ్మ గడప మీద నుంచి లేవలేదు.

"నలుగుర్ని కన్న. గీ పత్తెంతోనే లేసి నాట్లేసిన. నీ పుస్తకాలు ఎందర్ని కన్నయ్ రా?"

జనం నవ్వారు. ఆ నవ్వు నాకు తగిలింది. సభల్లో ఎదుటివాడి వాదంలో అన్నిటికన్నా మెత్తటి చోటు ఎక్కడుందో వెతికి అక్కడ పొడవాలని నేర్చుకున్నవాణ్ణి. ఆ చోటు నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అందుకే దాన్ని ఎవరూ ముట్టుకోరు.

"నలుగుర్ని కన్నవు. దక్కింది ఇద్దరే. కడమ ఇద్దర్ని ఏ పొగల సంపుకున్నవో గూడ చెప్పు అత్తమ్మా."

అత్తమ్మ చేతిలో ఉన్న వామాకు కట్ట కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి పోయింది. వెనక నుంచి ఎవరో అన్నారు: "కొట్టిండు సారు దెబ్బ."

అవును, కొట్టాను. గెలిచాను కూడా. ఆ పూటే అక్క సంచి మార్చి పొట్ట కడిగింది. బావ చెంబెడు నీళ్ళు ఆపకుండా తాగాడు. నేను పెద్ద కాగితం మీద లావు అక్షరాలతో నియమాలు రాసి గోడకు అంటించాను, ఆ ఇంట్లో చదవగలిగింది బావ ఒక్కడే అయినా. నిజానికి అది బావ కోసం రాసింది కాదు. నీళ్ళు తాగితే చీము పట్టదు. పప్పు తింటే గాయం మానుతుంది. గాలి శత్రువు కాదు. పొగ శత్రువు. ప్రతి వాక్యమూ ఎవరో ఒకరి నమ్మకం మీద చెంపపెట్టులా ఉండాలని నా తాపత్రయం.

కాలు వాపు సంగతి నోటుబుక్కులో చివరి వరుసలో ఉంది. చూశాను. రాయలేదు. నోటితోనూ చెప్పలేదు. అందులో ఖండించటానికి ఏ మూఢనమ్మకమూ నాకు కనిపించలేదు. ఖండించటానికి ఏమీ లేని వాక్యం నా కంటికి వాక్యంలా ఆనలేదు. బాలింత కాళ్ళకు నీరు దిగితే వేడి ఆముదం పెట్టి పిక్కలు రుద్దుతారని నాకు తెలియదు. బాలింత గదిలోకి మగవాళ్ళు పోరు. పోనివాణ్ణి, ఆ గది మీద వాకిలి నిండా ఉపన్యాసం ఇచ్చాను.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి పది దాటింది. బావ అరుగు మీద మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖంలో కళ వచ్చింది. పొట్ట మీద చర్మం ఆరింది. పక్కన చెంబు నిండుగా ఉంది.

"సూడు," అని దిండు పొట్టకు అదుముకుని దగ్గి చూపించాడు. "బుధారం నాడు మిరప కల్లం దాక పోయొచ్చిన. కూలోళ్ళు సచ్చినోడు లేసొచ్చిండని ఉరుకబోయిండ్రు."

కాళ్ళ మీద మందపాటి దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కల్లాల మీద మిరపకాయ గలగలలాడే ఎండ.

"గీ ఎండల దుప్పటేంది?"

బావ అక్క వైపు చూశాడు. అక్క చెంబు వైపు చూసింది.

"చలన్నడు," అంది అక్క.

"అవ్. చలే," అన్నాడు బావ.

ఇల్లంతా ఆముదం వాసన. దాని అర్థం ఏమిటని నేను అడగలేదు. నీళ్ళు ఎన్ని చెంబులు తాగాడో అడిగాను. గుడ్లు ఎన్ని తిన్నాడో అడిగాను. నా నియమాలు అమలైన తీరు చూసి, పొంగిపోయి, వాకిట్లోకి వెళ్ళాను. పక్కింటి అరుగు మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. "చూసిండ్రా, వారం కింద ఎట్లుండె, ఇయ్యాల ఎట్లుండు?" అని మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. వినేవాళ్ళు తల ఊపుతున్నారు.

నేను అక్కడ మాట్లాడుతున్నంతసేపూ అక్క ఇక్కడ దుప్పటి తీసి బావ కాలు రుద్దింది. నేను పోవాలనే ఎదురుచూసిందట.

కేక విని పరుగెత్తాను. బావ మంచం మీద లేచి కూర్చుని, నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరిచి మూస్తున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. నా చొక్కా పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. నోటికి ఎప్పుడూ మాట తడుముకోని మనిషికి ఆ ఒక్క మాటకు ఊపిరి చాలలేదు. ఒక బీడీ కాలినంత సేపు. అంతే.

నా చొక్కా మీద నుంచి అతని వేళ్ళు విడదీసుకుంటుంటే కాలు కనిపించింది. ఎడమ కాలు, తొడ దాకా అరటి బోదెలా వాచి, ఆముదంతో మెరుస్తోంది.

అక్క రెండు చేతులూ గాల్లో పట్టుకుని నిలబడి ఉంది. నూనె కారుతోంది.

"నాలుగొద్దులాయె వాసి. నీకు కబురు పెడ్దామన్న. అత్తమ్మ వద్దన్నది. వాడొస్తె మల్ల నా పిల్లల సావు నలుగుర్ల తీస్తడు, బాలింత నీరే గద, రుద్దితె తీస్తది అన్నది. మీ బావగూడ నీకు చెప్పొద్దన్నడు, మా అమ్మనేం అంటవోనని. రుద్దితె హాయిగున్నదన్నడు తమ్మీ. నా చేతులల్ల ఏముందో గని హాయిగున్నదన్నడు."

అత్తమ్మ కొడుకు తల ఒడిలో పెట్టుకుని నా వైపు చూసింది. వారం తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు.

"తాపి తాపి సంపినవ్. నువ్వు తాపిన నీళ్ళే కాలుకు దిగినయ్. కాలు నిండినంక గుండెకెక్కినయ్."

వాకిట్లో జనం తలలు ఊపారు. ఇంతకు ముందు నా మాటకు ఊపిన తలలే.

నాకు జవాబు తెలుసు. నా చేతిసంచిలో నోటుబుక్కు ఉంది, చివరి వరుస ఉంది. తీసి చదివితే ముసలమ్మ వాదం ముక్కలయ్యేది. కాని ఆ వాక్యం అక్క చేతుల మీదుగా తప్ప ఎవరి దగ్గరికీ పోదు. నిజం చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడకూడదని కుర్రవాళ్ళకు బోధించిన నేను అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. దాన్ని కరుణ అనుకున్నాను. అందులో కరుణ ఎంతో, అదే వాక్యం "నువ్వెందుకు చెప్పలేదు" అని తిరిగి నా మీదికే వస్తుందన్న భయం ఎంతో అప్పుడు తూచుకోలేదు. ఇప్పుడు తూచితే భయమే బరువు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో బాలింత పత్తెం నేను పోకముందుకన్నా గట్టిపడింది. సాక్ష్యం దొరికింది గదా. అదివరకు గుటకైనా ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు దూది తడిపి పెదాలకు అద్దటం మొదలుపెట్టారు. ఎవరైనా ఎక్కువ నీళ్ళు తాగితే "సారు బావ లెక్క తాగకు" అని సామెత పుట్టింది. పిల్లలు కూడా అనేవాళ్ళు. ఒక ఊరిని మూఢత్వంలోకి నెట్టటానికి వంద మంది మంత్రగాళ్ళు అక్కర్లేదు. నోరు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలియని హేతువాది ఒకడు చాలు.

పదేళ్ళు గడిచాయి. అత్తమ్మ పోయింది. పోయే ముందు నన్ను చూడనన్నది. అక్క కూతురికి పెళ్ళయింది, మనవరాలు పుట్టింది. పచ్చి ఒంటి సంగతులకు అత్తమ్మ తర్వాత ఊళ్ళో అక్కే పెద్దదిక్కయింది. ఎవరింట్లో కాన్పయినా, కోతయినా వాము బుట్ట పట్టుకుని అక్క పోవాలి.

దసరా సెలవుల్లో నేను అక్క ఇంట్లో ఉండగా, ఎదురింటాయనను దవాఖానా నుంచి తెచ్చారు. కరెంటాఫీసులో హెల్పరు. అదే జబ్బు, అదే కోత, పొట్టకు అదే సంచి. అక్క బుట్టలో దూదీ వామూ వెల్లుల్లి పొట్టూ పెట్టుకుని బయల్దేరింది. వెనక నేనూ పోయాను. పెదవులు పగిలిన మనిషి మంచంలో ఉన్నాడు. అతని భార్య చేతిలో దవాఖానావాళ్ళిచ్చిన కాగితం.

"నీళ్ళు బాగ తాపియ్యమని రాసిండ్రు పెద్దమ్మా. తాపియ్యాల్నా, వద్దా?"

"వద్దు బిడ్డా," అంది అక్క. "మా ఆయన లేసి తిరిగిండు. కల్లం దాక నడిసిండు. నీళ్ళు తాగే పోయిండు. మా తమ్ముణ్ణే అడుగు, ఈయనే తాపిచ్చిండు. మంచికే తాపిచ్చిండు, పాపం. ఎరుకలేక."

అక్క గొంతులో కోపం లేదు. పదేళ్ళ కిందటే నన్ను క్షమించేసిన గొంతు అది. నేను చెయ్యని తప్పుకు నన్ను క్షమించి, అన్నం పెట్టి, పండక్కి చొక్కా కొని, నా చెడ్డపేరును ఊరి నోటి నుంచి తుడవటానికి ప్రయత్నించిన గొంతు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "అవునా సారూ? నీళ్ళు తాగే పోయిండా?"

మంచంలో మనిషి కూడా నన్నే చూస్తున్నాడు. చెంబు అతనికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"కాదమ్మా," అన్నాను. "నీళ్ళు తాపు. నీళ్ళతోని పోలే. కాలు వాసింది, లోపట నెత్తురు గడ్డ కట్టింది. దాన్ని రుద్దితె ఊడి పైకి పోయింది. నీ పెనిమిటికి కాలు వాసినా, పిక్క నొచ్చినా చెయ్యి పెట్టకు. నూనె పెట్టకు. ఎంటనే దవాఖానకు తీస్కపో."

అక్క బుట్ట చంకలో అట్లాగే ఉంది. నా వైపు తిరిగి అడిగింది.

"గీ సంగతి నీకెట్లెరుక?"

"దవాఖాన్ల సిస్టరమ్మ చెప్పింది."

"ఎప్పుడు?"

"మనం బయల్దేరినప్పుడు. నువ్వు బావకు చొక్కా తొడుగుతున్నవ్."

"అంటె బావ ఉన్నప్పుడే ఎరుక."

"అవ్."

"నాకెందుకు చెప్పకపోతివి?"

అక్క బుట్టను ఆ ఇంటి గడప పక్కన జాగ్రత్తగా దించింది. చేతులు చూసుకోలేదు. కొంగుకు తుడుచుకుంది, తడి ఏమీ లేకపోయినా. వీధి దాటి ఇంట్లోకి పోయింది. నా వెనక ఆ అమ్మాయి చెంబు ఎత్తిన చప్పుడు, అతను గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించాయి.

అతను బతికాడు. చొక్కా కింద సంచితో సైకిల్ తొక్కుకుంటూ డ్యూటీకి పోతాడు. కనిపిస్తే దండం పెడతాడు.

అక్క నాతో మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది. ఇంట్లో ఆముదం సీసా మాత్రం లేదు. మనవరాలు దువ్వెన పట్టుకుని వచ్చి ముందు కూర్చుంటే జుట్టు విప్పి, చిక్కు తీసి, పాయలు చేస్తుంది. నూనె రాయటానికి పక్కింటికి పంపుతుంది. పిల్ల రాయించుకుని వచ్చాక జడ అల్లుతుంది.